అరికాలి చుక్క

మా శ్రీకర్‌ను పరీక్షించిన ప్రతి కంటి డాక్టరూ మొదట వాడి కళ్ళను మెచ్చుకుంటాడు. కంటిపాప బాగుంది, నరం బాగుంది, వంక పెట్టడానికి ఏమీ లేదంటాడు. తర్వాత తల స్కాను చూసి గొంతు తగ్గిస్తాడు. కన్ను ఎంత బాగున్నా, అది పంపినదాన్ని పోల్చుకోవలసింది మెదడు వెనక భాగం. వాడు పుట్టిన మర్నాడు నెత్తుట్లో చక్కెర పడిపోయి ఆ భాగం ఆకలితో మాడిపోయింది. నా కొడుకు పెద్ద పెద్ద కళ్ళు తెరుచుకుని నా గొంతు వినబడ్డ వైపు తిరుగుతాడు. వాడికి నేను కనబడను.

దీనికంతటికీ మా అత్తయ్యే కారణమని డాక్టర్ పరాంకుశరావు విచారణ సంఘం ముందు చెప్పాడు. ఆ మాట పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది, మా వీధి చివర టిఫిన్ బండి దాకా వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. తప్పు ఎవరిదో ఆ మనిషి నోటితోనే చెప్పించాలి. అదీ ఊరికే కాదు, నా కడుపు మండినట్టు ఆయన కడుపూ మండాక చెప్పించాలి.

పరాంకుశరావు కాకినాడలోని తన ప్రయోగశాలలో తయారుచేసిన పరికరం పేరు చిరుదివ్వె. తల్లికి షుగరు ఉంటే కడుపులో బిడ్డకు తీపి ఎక్కువ అందుతుంది. దాన్ని తట్టుకోవడానికి బిడ్డ ఒళ్ళు ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుంటుంది. బొడ్డు కోయగానే తీపి ఆగిపోతుంది, ఇన్సులిన్ ఆగదు. అప్పుడు బిడ్డ చక్కెర దబ్బున పడిపోతుంది. పూర్వం ఇలాంటి పిల్లల మడమల్లో నర్సులు మాటిమాటికీ సూది గుచ్చి చూసేవారు. చిరుదివ్వె వచ్చాక ఆ బాధ పోయింది. పాదానికి మెత్తని పట్టీ కడతారు. అందులోంచి సన్నని వెలుగు అరికాల్లోకి వెళ్ళి తిరిగొచ్చి చక్కెర ఎంతుందో చెబుతుంది. తక్కువైతే బుగ్గ లోపల అంటించిన చిన్న బిళ్ళ తనంతట తానే తీపి జిగురు వదులుతుంది. అంకె పచ్చగా వెలుగుతున్నంతసేపూ ఎవరూ కంగారు పడక్కర్లేదు.

నెలలు నిండేసరికి నాకు షుగరు పట్టుకుంది, కాబట్టి శ్రీకర్‌కూ అది కట్టారు. మా అత్తయ్య వరాలమ్మ గారు ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన కాటుక భరిణెలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది. బుగ్గ మీద పెడితే నర్సు తుడిచేస్తుంది. అందుకని పట్టీ కాస్త జరిపి అరికాల్లో దిష్టిచుక్క పెట్టి, పట్టీ మళ్ళీ సరిచేసింది. మా ఆయన ఉదయ్‌కీ ఆవిడ అలాగే పెట్టింది. చుక్క లేని పసిబిడ్డను నలుగురి మధ్య ఉంచడమంటే ఆవిడ దృష్టిలో వీధి తలుపు బార్లా తీసి పడుకోవడమే.

కాటుక ఆ వెలుగును మింగేసింది. అంకె మాత్రం పచ్చగానే ఉంది. శ్రీకర్ పాలు తాగకుండా నిద్రపోతుంటే ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడని మురిసిపోయాను. చేతులు సన్నగా వణికితే ఏసీ చలి అనుకుని దుప్పటి కప్పాను. నర్సు వచ్చి అంకె చూసి వెళ్ళిపోయింది. బిడ్డకు మూర్ఛ వచ్చాక గానీ మాలో ఎవరికీ తెలివి రాలేదు.

పరికరంలో ఏ లోపమూ లేదనీ, చదువులేని చేతులు చేసే పనులకు సైన్సు జవాబుదారీ కాదనీ పరాంకుశరావు సంఘానికి చెప్పాడు. ఆ తర్వాత పెట్టె మీద చిన్న అక్షరాలతో ‘పాదానికి ఏమీ పూయరాదు’ అని అచ్చు వేయించి చేతులు దులుపుకున్నాడు. మా అత్తయ్య మాత్రం ఆ రోజు నుంచి శ్రీకర్‌ను ఎత్తుకోవాలంటే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కునేది. ఆవిడను అలా చూస్తే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండిపోతుంది.

నా చదువు కాంతి పరికరాల ఇంజనీరింగు. బాధ కాస్త సర్దుకున్నాక నా బుర్రలో ఒక ప్రశ్న ముల్లులా దిగబడింది. వెలుగే తిరిగి రాలేదు కదా, మరి ఆ పచ్చ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? కేసు ఉదయ్ పేరు మీద నడిచింది. నేను మంచం మీద ఉండి విచారణకు వెళ్ళలేదు, నా ముఖం అక్కడ ఎవరికీ తెలియదు. అందుకని మా పుట్టింటి పేరుతో పరాంకుశరావు ప్రయోగశాలకే ఉద్యోగానికి అర్జీ పెట్టాను. ఆయనే స్వయంగా ప్రశ్నలడిగి, ఇలాంటి అమ్మాయి కోసమే చూస్తున్నామని సంతోషించాడు. ఎదురుగా సార్ అనేదాన్ని. మనసులో అనేది ఇక్కడ రాయడం బాగుండదు.

ప్రయోగశాలలో నాకు అప్పగించిన పని పట్టీలను పరీక్షించడం. జిలటిన్‌తో పసిపాదం ఒకటి పోత పోసి, లోపల సన్నని గొట్టాలు పెట్టి, చక్కెర కలిపిన ఎర్రని ద్రవం తిప్పేవాళ్ళం. పట్టీ చెప్పే అంకె, మేం కలిపిన చక్కెర ఒకటేనా కాదా అని చూడాలి. ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆ పాదానికి పట్టీ కట్టి, అంకె వచ్చాక పట్టీ జరిపి కాటుక చుక్క పెట్టాను. పట్టీ సరిచేసి చక్కెర తగ్గించుకుంటూ పోయాను. ద్రవంలో చక్కెర సగమైంది, పావు వంతైంది. అంకె అరవై దగ్గర పచ్చగా కూర్చుంది, కదల్లేదు. అందరూ తిరిగొచ్చేలోగా పట్టీ విప్పి చుక్క తుడిచేశాను.

సాయంత్రం టీ తాగుతూ నా పక్క బల్ల వాసంతిని మామూలుగా అడిగినట్టు అడిగాను. అది రహస్యమేమీ కాదు, ప్రయోగశాలలో అందరికీ తెలుసు. దానికి వాళ్ళు ముద్దుగా ‘ఓపిక’ అని పేరు కూడా పెట్టుకున్నారు. బిడ్డ కాలు ఝాడిస్తే వెలుగు తప్పిపోతుంది. తప్పినప్పుడల్లా పట్టీ కూత పెడితే నర్సులు విసుక్కుంటారు. అందుకని వెలుగు తప్పితే, చివరిసారి కనబడిన అంకెనే కాసేపు పట్టుకుని ఉండమని పట్టీకి నేర్పారు. మొదట ఆ ఓపిక కొద్ది నిమిషాలే. ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులు వస్తున్న కొద్దీ పరాంకుశరావు దాన్ని గంటలకు పెంచాడు. తనకు ఏమీ తెలియడం లేదని చెప్పడం ఆ యంత్రానికి మాన్పించాడు.

వాసంతి బిస్కెట్టు ముంచుకుంటూ మిగతాది కూడా చెప్పింది. "ఆ కాటుక కేసు అయిందిగా, అప్పుడే ఓపిక తగ్గించేద్దామన్నామండీ. తగ్గిస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టు అయిపోద్దని సార్ వద్దన్నారు. అలాగే ఉంచేశాం."

అంటే ఆయనకు తెలుసు. మా అత్తయ్యను ఊరందరి ముందూ నిలబెట్టినప్పుడే తెలుసు.

ఇంటికెళ్ళి ఉదయ్‌కి చెప్పాను. మర్నాడే వెళ్ళి ప్రభుత్వానికి ఫిర్యాదు చేద్దామన్నాడు. ఇంకెవరి పిల్లకో పట్టీ కడుతూ ఉంటారు కదా, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దన్నాడు. నేను ఆ వారం ఆగమన్నాను. పరాంకుశరావు కూతురు మేఘనకు కాన్పు అప్పుడే. ఆమెకూ షుగరుందని ప్రయోగశాలంతటికీ తెలుసు. పుట్టబోయే మనవడికి చిరుదివ్వె కట్టించి విలేఖరులను పిలుస్తానని ఆయన అందరికీ చెప్పుకుంటున్నాడు. కొత్త దేశాలకు అమ్మడానికి అంతకంటే మంచి ఫోటో ఏముంటుంది? ఉదయ్ నా ముఖం చూసి, ఏం చేయబోతున్నావని అడిగాడు. ఏమీ చేయను, చూస్తాను అన్నాను. పసిబిడ్డ మీద పగ ఏమిటని మీరూ అడగొచ్చు. నా బిడ్డ మీద మాత్రం ఎవరికి పగ ఉందని?

కాన్పు సుఖంగా అయింది. మగబిడ్డ, బొద్దుగా ఉన్నాడు. పట్టీ కట్టి కనిపెట్టుకుని ఉండడానికి పరాంకుశరావు నన్నే ఎంచుకున్నాడు. నా చేతి పని నమ్మకమైనదట. మొదటి రోజు అంతా సవ్యంగా గడిచింది. చక్కెర కాస్త తగ్గినప్పుడల్లా బుగ్గలో బిళ్ళ కరిగింది, అంకె లేచింది. పరికరం మంచిదే, ఆ మాట దాచను. వెలుగు ఆడినంతసేపూ దేవుడల్లే కాపాడుతుంది.

రెండో రోజు పొద్దున పరాంకుశరావు భార్య అలివేలు గారు నన్ను వరండాలోకి పిలిచింది. మెత్తని మనిషి, ఎవరితోనైనా సగం గొంతుతోనే మాట్లాడుతుంది. చీర కొంగులోంచి కాటుక డబ్బీ తీసి చూపించింది. మధ్యాహ్నం పేపరువాళ్ళు వస్తారు, అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి, తనకు మనసు ఒప్పడం లేదంది.

"అరికాల్లో చిన్న చుక్క పెట్టుకుంటానమ్మా. మా ఆయనకి తెలిస్తే ఊరుకోరు. అప్పుడెవరో ఒకావిడ పాదమంతా కాటుక మెత్తేసిందటగా, అందుకే ఆ పిల్లాడికి అలాగయ్యిందని ఆయనే చెప్పారు. చిన్న చుక్కైతే ఏమీ అవదు కదమ్మా?"

పాదమంతా మెత్తేసిందట. ఇంట్లో పెళ్ళాంతో కూడా అబద్ధమే చెప్పాడు. మా అత్తయ్య పెట్టిన చుక్క కందిగింజంత. ఎదురుగా ఉన్నది ఏ పాపమూ తెలియని మనిషని నాకు తెలుసు. లోపల ఉయ్యాల్లో ఉన్నవాడు ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదని తెలుసు.

"చిన్న చుక్కే కదండీ," అన్నాను. "పెట్టుకోండి."

ఆవిడ నా గడ్డం పట్టుకుని సంబరపడి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత నేను మేఘన మంచానికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. అంకె అరవై రెండు. బాగా పనిచేస్తున్న పట్టీ మీద అంకె ఊరికే ఉండదు, ఒకటి పెరుగుతుంది, రెండు తగ్గుతుంది. ఇది మేకు కొట్టినట్టు నిలబడింది. పరాంకుశరావు వస్తాడు, ఫోటోలు దిగుతాడు, ఆ తర్వాత బిడ్డకు మూర్ఛ వస్తుంది. స్కాను చూసిన డాక్టరు గొంతు తగ్గిస్తాడు. ఇవన్నీ వరుసగా కళ్ళ ముందు నిలుపుకుని కూర్చున్నాను. ఇంకాస్త, ఇంకాస్త అనుకున్నాను. సంతోషంగా ఉందా అంటే, ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

బిడ్డ పాలు తాగలేదు. మేఘన వాడి బుగ్గ మీద వేలు వేసి తట్టింది. వాడు తల పక్కకు వాల్చేశాడు. ఆమె నా వైపు తిరిగి నవ్వింది. "చూశారా, ఎంత బుద్ధిమంతుడో. పొద్దున్నించీ ఏడవనే లేదు."

అది నా మాట. నా పక్క మీద నుంచి, నా గొంతుతో, నేనే అన్న మాట. దుప్పటి అంచున బిడ్డ చెయ్యి సన్నగా వణికింది. మేఘన దుప్పటి పైకి లాగి కప్పబోయింది. నేను కుర్చీలోంచి ఎలా లేచానో నాకు తెలియదు. చలి కాదు, కప్పొద్దు అని అరిచాను. నర్సును మడమ సూది తెమ్మన్నాను.

సరిగ్గా అప్పుడే పరాంకుశరావు విలేఖరులను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. నర్సు చేతిలో సూది చూసి కెమెరాల వైపు తిరిగి నవ్వాడు. చిరుదివ్వె ఉన్నచోట సూదికి ఏం పని అన్నాడు. నర్సు ఆగిపోయింది. వెనక్కి పట్టుకెళ్ళమని ఆమెకు చెయ్యి ఊపాడు.

ఇంతకంటే ఏం కావాలి నాకు? నేను అడిగాను, ఆయనే వద్దన్నాడు, అదీ అందరి ముందు. నేను చేతులు కట్టుకుని పక్కకు జరిగితే చాలు, ఏ కోర్టూ నన్నేమీ అనలేదు. ఆయన మనవడిని ఆయనే ముంచుకున్నవాడవుతాడు. ఇన్నాళ్ళూ నేను కలలో కూడా ఇంత చక్కటి పగ ఊహించలేదు.

బిడ్డ చెయ్యి మళ్ళీ వణికింది. శ్రీకర్ చెయ్యి కూడా అంతే ఉండేది.

"మేఘన గారూ, మీవాడు నిద్రపోవడం లేదు," అన్నాను. "వాడికి చక్కెర పడిపోతోంది. ఆ అంకె పాతది. తల్లిగా మీరు చెబితే గుచ్చుతారు."

ఆమె పచ్చ అంకె వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది. గుచ్చండి అంది.

ఇరవై ఒకటి వచ్చింది. నర్సు కేక వేస్తే పిల్లల డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. బుగ్గ లోపల తీపి జిగురు రుద్దారు, చేతికి సెలైన్ సూది పెట్టి చక్కెర నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టారు. ఇదంతా జరుగుతున్నా పట్టీ మీద అరవై రెండు పచ్చగా వెలుగుతూనే ఉంది. నేను దూది స్పిరిట్‌లో ముంచి, పట్టీ జరిపి, అరికాలు తుడిచి మళ్ళీ సరిచేశాను. అంకె ఒక్కసారిగా కిందికి జారి ఎర్రబడింది. పట్టీ కూత పెట్టింది. కెమెరాలన్నీ దాని మీదికి తిరిగాయి.

పరాంకుశరావు నల్లగా ఉన్న దూది చూశాడు. వెంటనే భార్య వైపు తిరిగి, నువ్వేనా అన్నాడు. అలివేలు గారు గోడకు అంటుకుపోయింది. ఆయన వేలు ఆవిడ మీదికి లేవడం చూశాను. ఆ వేలు నాకు బాగా తెలుసు.

"ఆవిడ నన్ను అడిగింది," అన్నాను. "నేనే పెట్టుకోమన్నాను. చుక్క పెడితే మీ పట్టీ ఏం చేస్తుందో నాకు తెలుసు. మీకు నాకంటే ముందే తెలుసు. నేను శ్రీకర్ తల్లిని."

మేఘన నన్ను చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. నన్ను బయటికి పొమ్మంది, తన బిడ్డ ఛాయలకు మళ్ళీ రావద్దంది. నేను గుమ్మం దాటుతుండగా ఆమె తండ్రిని అడగడం వినబడింది.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆ మౌనమే సాయంత్రం అన్ని చానళ్ళలోనూ తిప్పి తిప్పి చూపించారు.

చిరుదివ్వెలన్నిటినీ ఆసుపత్రుల నుంచి వెనక్కి తెప్పించారు. పరాంకుశరావు మీద కేసు పెట్టారు, నా మీదా పెట్టారు. పెట్టాలి కూడా. విచారణలో వాసంతి ఓపిక సంగతంతా చెప్పింది. ఆ బిడ్డ గండం నుంచి బయటపడ్డాడనీ, స్కానులో ఏ దెబ్బా లేదనీ తెలిసినప్పుడు శ్రీకర్ దగ్గరికి వెళ్ళి వాడి అరికాలు పట్టుకుని కూర్చున్నాను. అది ఆనందమో, మరేదో నేను తేల్చుకోలేదు.

ఇంట్లో ఉదయ్ నాతో అవసరానికి తప్ప మాట్లాడడం మానేశాడు. నేను అత్తయ్య పక్కన కూర్చుని, మీ తప్పేం లేదు, అందరికీ తెలిసిపోయింది, ఇక చేతులు కడుక్కోవడం మానేయండి అని చెప్పాను. ఇన్నేళ్ళూ ఆ మాట ఆవిడకు చెప్పాలనే బతికాను.

"నేను తెలీక పెట్టానమ్మా. నువ్వు తెలిసి పెట్టించావు," అంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం పొద్దున పరాంకుశరావు మా ఇంటికి వచ్చాడు. కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. కూతురు బిడ్డను చూడనివ్వడం లేదట, భార్య కూతురి దగ్గరే ఉంటోందట. మా అత్తయ్య గారికి క్షమాపణ చెప్పుకుని పోతానన్నాడు. లోపలికి రానిచ్చాను. నేను కోరుకున్నది ఇదే కదా.

అత్తయ్య ముందు చేతులు జోడించాడు. తప్పు మాదేనండీ, మీ చేతిది కాదు, నాకు తెలిసే ఆ రోజు అలా చెప్పాను అన్నాడు. నేను ఏ మాటల కోసం అన్నిసార్లు కలవరించానో, ఆ మాటలే వచ్చాయి. వింటుంటే నాకేమీ చల్లబడలేదు. ఇంకా కావాలనిపించింది.

శ్రీకర్ నేల మీద కూర్చుని చెక్క ముక్కలతో ఇల్లు కడుతున్నాడు. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. పరాంకుశరావు వెళ్ళి వాడి ముందు నిలబడ్డాడు. వాడికీ చేతులే జోడించాడు. వాడు తన మానాన ముక్క మీద ముక్క పేరుస్తూనే ఉన్నాడు. వాడి దృష్టిలో అక్కడ ఎవరూ లేరు.

అత్తయ్య అది చూసింది. ఆవిడ ఎవరి మీదా గొంతు ఎత్తి ఎరగదు. అప్పుడూ ఎత్తలేదు.

"మీ మనవడికి కనబడుతోందా అండీ?"

"కనబడుతోందండీ. దీపం ఎటు తిప్పితే అటు చూస్తాడటండీ."

"చల్లగా ఉండాలండీ." ఆవిడ శ్రీకర్ తల మీద చెయ్యి వేసింది. "మీవాడికి ఎందుకు కనబడుతోందో, మావాడికి ఎందుకు కనబడదో, ఆ సంగతి వీడికి చెప్పండి. మాకు చెబితే ఏం లాభం? వీడికి తెలిసేలాగ చెప్పండి."

ఆయన చిన్నపిల్లాడండీ అని గొణిగాడు. అత్తయ్య పీట తెచ్చి శ్రీకర్‌కు ఎదురుగా వేసింది. శ్రీకర్ చేతిలో ముక్క పక్కన పెట్టి, గొంతు వచ్చిన వైపు చెవి తిప్పి, ఎవరండీ మీరు అని అడిగాడు. పరాంకుశరావు వీధి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. నేను లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చున్నాను.